అద్దె బకాయి పడ్డాక లాయరు నోటీసు వచ్చింది: ఖాళీ చేయడానికి గడువు ఎలా అడగాలి?

ప్రశ్న అడిగిన అమ్మ చెప్పిన సంగతి క్లుప్తంగా ఇది. విజయవాడ భవానీపురంలో నెలకు 9,000 రూపాయల అద్దెకు ఉంటున్నారు. పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, మళ్ళీ రాయించుకోలేదు. ఆటోనగర్‌లో భర్త పని పోవడంతో ఆగస్టు నుంచి నవంబరు దాకా నాలుగు నెలల అద్దె బకాయి పడింది. ఓనరు ఈ మధ్యనే లాయరు చేత నోటీసు ఇప్పించి పదిహేను రోజుల్లో ఖాళీ చేయమన్నారు. మూడు నెలల అడ్వాన్సు ఓనరు దగ్గరే ఉంది. అమ్మాయికి మార్చిలో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు. అప్పటిదాకా గడువు అడగవచ్చా, ఎవరైనా సాయం చేస్తారా అన్నది ప్రశ్న.

అడగవచ్చు, సరిగ్గా అడిగితే చాలాసార్లు దొరుకుతుంది కూడా. నోటీసులో రాసిన పదిహేనో రోజు మిమ్మల్ని బయటకు పంపే రోజు కాదు. ఆ రోజు దాటితే ఓనరుకు కోర్టుకు వెళ్ళే వీలు కలుగుతుంది, అంతవరకే. కోర్టు ఉత్తర్వు ఇచ్చి, దాన్ని అమలు చేయడానికి అమీనా (కోర్టు ఉద్యోగి) వచ్చేదాకా మీ సామాను బయట పెట్టే అధికారం ఓనరుకు గాని, ఆయన పంపిన మనుషులకు గాని, పోలీసులకు గాని లేదు. అలాగని ఈ ఒక్క మాట పట్టుకుని నిశ్చింతగా కూర్చోవద్దు. ఆ పదిహేను రోజుల లోపలే మీరు రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఖాళీ చేసే తేదీని మీరే చెప్పాలి, ఎంతో కొంత డబ్బు ముందు పెట్టాలి.

నేను గుంటూరులో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. ఇంటివారి తరఫునా, అద్దెకున్నవారి తరఫునా పని చేశాను. ఓనర్లు నా దగ్గరకు వచ్చినప్పుడు ఎక్కువగా చెప్పే మాట "బాకీ ఎంత" అన్నది కాదు, "వీళ్ళు అసలు ఎప్పటికి వెళతారో తెలియడం లేదండీ" అన్నది. బకాయి కన్నా ఆ తెగని వ్యవహారమే వారిని కోర్టు దాకా నడిపిస్తుంది. అందుకని గడువు అడిగేవారు తమ కష్టం ఎంత వివరంగా చెప్పినా, చివర తేదీ లేకపోతే ఆ విన్నపం ఓనరు చెవికి ఎగవేతలాగే వినిపిస్తుంది. "కొంచెం టైమివ్వండి" అంటే ఒప్పుకోని మనిషి "మార్చి 31 సాయంత్రానికి తాళాలు మీ చేతికిస్తాం" అంటే ఒప్పుకోవడం చాలాసార్లు చూశాను.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. బకాయి 36,000. అడ్వాన్సు 27,000. అంటే ఓనరుకు నిజంగా లోటు పడింది 9,000 రూపాయలే, అయితే డిసెంబరు నుంచి మార్చి దాకా వచ్చే నాలుగు నెలలు కూడా ఇలాగే పోతాయేమోనన్నది ఆయన భయం. ఆ భయం తీరేలా మీ ప్రతిపాదన ఉండాలి. ఆ 9,000 ఇప్పుడే ఎలాగైనా కట్టండి. డిసెంబరు నుంచి ప్రతి నెలా అయిదో తేదీ లోపల ఆ నెల అద్దె ఇస్తామని రాయండి. మిగిలిన 27,000 బకాయిని ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో సరిపెట్టుకోమని కోరండి. ఇలా చేస్తే మార్చి 31న ఒకరికొకరు రూపాయి బాకీ ఉండరు. కరెంటు బిల్లు పెండింగులో పెట్టి వెళతారని, గోడలు పాడు చేస్తారని ఓనర్లకు ఉండే అనుమానానికి కూడా సమాధానం చెప్పాలి కాబట్టి, ప్రతి నెలా బిల్లు కట్టిన రసీదు పంపుతామని ఒక వాక్యం చేర్చండి. ఒక్క జాగ్రత్త ఉంది. అడ్వాన్సులో తగ్గించుకోవడం ఓనరు ఒప్పుకుంటేనే జరగాలి. "అడ్వాన్సు ఉందిగా, అందులో కోసుకోండి" అని అద్దె కట్టడం మానేస్తే కోర్టులో అది ఎగవేతగానే కనిపిస్తుంది.

ఉత్తరం ఎలా ఉండాలో చాలామంది అడుగుతారు కనుక నమూనా ఇస్తున్నాను. నోటీసు లాయరు ద్వారా వచ్చింది కాబట్టి ఒక ప్రతి లాయరు గారికి, ఒక ప్రతి ఓనరుకు పంపాలి.

"ఫలానా తేదీ గల మీ నోటీసు ఫలానా తేదీన అందినది. ఆగస్టు నుంచి నవంబరు వరకు అద్దె చెల్లించలేకపోయిన మాట వాస్తవం. నా భర్తకు ఉపాధి పోవడం ఇందుకు కారణం. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు మార్చిలో ఉన్నందున మార్చి 31వ తేదీ వరకు గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆ రోజు సాయంత్రం అయిదు గంటల లోపల ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించగలను. బకాయి కింద ఈరోజు 9,000 రూపాయలు మీ ఖాతాకు పంపినాను. డిసెంబరు నుంచి నెలనెలా అయిదో తేదీ లోపల 9,000 రూపాయలు చెల్లించగలను. మిగిలిన 27,000 రూపాయలు ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో సరిచేసుకొనగలరు. ఈ చెల్లింపులను స్వీకరించడం వల్ల మీరు ఇచ్చిన నోటీసుకు గాని, మీ హక్కులకు గాని భంగం కలగదని అంగీకరిస్తున్నాను."

ఈ చివరి వాక్యం ఎందుకో చెప్పాలి. ఖాళీ చేయమని నోటీసు ఇచ్చాక అద్దె తీసుకుంటే ఆ నోటీసును వదులుకున్నట్టు అవుతుందన్న వాదనకు ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 113 చోటిస్తుంది. అందుకే "నోటీసు ఇచ్చాక పైసా తీసుకోవద్దు" అని లాయర్లు ఓనర్లకు చెప్పి పంపిస్తారు. మీరు డబ్బు పట్టుకుని వెళితే ఓనరు మొహం తిప్పుకుంటారు, మీకేమో పొగరు అనిపిస్తుంది. నోటీసుకు భంగం లేదని మీరే రాసిస్తే ఆయన తీసుకోవడానికి అడ్డు తొలగిపోతుంది. మీకు పోయేదీ లేదు, ఎందుకంటే మీరు అడుగుతున్నది మార్చి దాకా ఉండనివ్వమనే గాని ఎప్పటికీ ఉండనివ్వమని కాదు. అప్పటికీ చేతికి ఇస్తే తీసుకోకపోతే ఆయన ఖాతాకే పంపండి. ఫోన్‌పేలో గాని బ్యాంకు ద్వారా గాని పంపేటప్పుడు నోట్ రాసే చోట "డిసెంబరు అద్దె" అని నెల పేరు తప్పకుండా రాయాలి. నెల పేరు లేని చెల్లింపును పాత బకాయి కింద జమ చేసుకున్నామని, ఈ నెలది రానే లేదని వాదించిన కేసులు ఉన్నాయి.

ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ వివరాలు దాచుకోండి. అవతలివారు తీసుకోకుండా తిప్పి పంపితే కంగారు పడకండి, "తిరస్కరించారు" అని రాసి వెనక్కి వచ్చిన కవరు విప్పకుండా అలాగే భద్రపరచండి. సరైన చిరునామాకు పంపి ఉంటే మామూలుగా అందినట్టే లెక్క. ఈ నియమం మీకూ వర్తిస్తుంది. నోటీసు తీసుకోకపోతే కేసు వేయలేరనుకుని పోస్టుమ్యాన్‌ను వెనక్కి పంపేవారు ఇంకా ఉన్నారు.

జవాబులో రాయకూడనివి రెండు. ఇంటి మీద ఓనరు హక్కునే కాదనకండి. అన్నదమ్ముల మధ్య వాటాల తగాదా ఉందని విన్నా సరే, ఆ జోలికి పోవద్దు, ఓనరు హక్కును కాదనడమే ఖాళీ చేయించడానికి వేరే కారణమై కూర్చుంటుంది. అలాగే నోటీసులో తేదీల తప్పు పట్టుకుని గట్టెక్కుదామనుకోవద్దు. నెలవారీ అద్దె ఇంటికి ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 106 కింద పదిహేను రోజుల నోటీసు చాలు, ఆ గడువు కొద్దిగా తగ్గినా దావా వేసేనాటికి పదిహేను రోజులు నిండి ఉంటే నోటీసు చెల్లుతుందని 2002లో చట్టాన్ని సవరించారు. కొందరు పాత గుమస్తాలు ఈ సవరణ రానట్టే సలహాలిస్తుంటారు.

ఇక సాయం. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ఈ హక్కు ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి, దివ్యాంగులకు, విపత్తు బాధితులకు కూడా ఇది వర్తిస్తుంది. నోటీసు మీ భర్త పేరు మీద ఉంటే ఆదాయ పరిమితి సంగతి చూస్తారు కనుక ఆదాయ ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు, లేదా నేరుగా విజయవాడ కోర్టుల సముదాయానికి వెళ్ళి న్యాయ సేవల కార్యాలయం ఎక్కడని అడగండి. గుంటూరువారైతే జిల్లా కోర్టు ప్రాంగణంలోనే అడగవచ్చు. ఉచితంగా ఇచ్చే లాయరు శ్రద్ధ పెట్టరన్న అపోహ ఉంది. కాగితాలన్నీ వరుసగా పెట్టుకుని వెళ్ళినవారి కేసుల్లో ఆ ఫిర్యాదు నేను పెద్దగా వినలేదు.

అక్కడ మీరు అడగవలసింది లాయరును మాత్రమే కాదు. కేసు ఇంకా పడలేదు కాబట్టి, దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టమని దరఖాస్తు ఇవ్వవచ్చు. వారు ఓనరును పిలిపిస్తారు, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. పేటలో పెద్దమనుషుల ముందు చెప్పినదాని కన్నా జడ్జి స్థాయి మనిషి ముందు చెప్పిన మాటకు ఓనరు దగ్గర విలువ ఎక్కువ. గుంటూరు బ్రాడీపేటలో ఇలాంటి వ్యవహారమే ఒకటి చూశాను. ఆ ఓనరు రిటైరైన ఉపాధ్యాయుడు, పెన్షనుతో పాటు ఆ అద్దె మీదే మందులు కొనుక్కునేవారు. కింది వాటాలో ఉన్న కుటుంబంలో తల్లికి ఆపరేషనై అద్దె ఆగిపోయింది. ఆయనకు కోపం అద్దె రానందుకు కాదు, మెట్ల మీద ఎదురైనప్పుడు తల తిప్పుకుని పోతున్నందుకు. రాజీలో కూర్చున్నప్పుడు ఆ ఇంటి అబ్బాయి నెలకు ఎంత ఇవ్వగలడో కాగితం మీద రాసి చూపించాక, వాళ్ళు అడిగినదాని కన్నా ఒక నెల ఎక్కువే గడువు ఇచ్చారు ఆ ఓనరు. రాజీ పత్రంలో తేదీ, డబ్బు, తాళాల అప్పగింత మూడూ రాయించారు.

అయితే లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాజీ మీద ఇచ్చే ఉత్తర్వు, కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. మార్చి 31 అని సంతకం పెట్టి ఏప్రిల్ ఒకటిన ఇంట్లోనే ఉంటే, ఓనరు కొత్తగా దావా వేయనక్కరలేదు, నేరుగా అమలు పిటిషను వేస్తారు. మీరు కోర్టుకు హామీ పత్రం ఇచ్చి ఉంటే దాన్ని తప్పడం కోర్టు ధిక్కారం కిందికి కూడా రావచ్చు. కాబట్టి ఓనరును ఒప్పించడానికి దగ్గరి తేదీ చెప్పి తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. పరీక్షలు అయ్యాక ఇల్లు వెతకడానికి, సామాను మార్చడానికి పట్టే రోజులు కూడా కలుపుకుని, నిలబెట్టుకోగల తేదీయే మొదట అడగండి.

రాజీ కుదరక కేసు పడిందనుకుందాం. ఏ కోర్టు ముందుకు వెళుతుందన్నది ఒప్పందం ఎప్పుడు, ఎలా రాసుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది, అది మీ కాగితాలు చూసిన లాయరు చెబుతారు. సివిల్ దావా అయితే సమన్లు అందిన 30 రోజుల్లో మీ జవాబు దాఖలు చేయాలి, కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా అనుమతించవచ్చు. ఇక్కడ జనం చేసే అన్నింటికన్నా పెద్ద పొరపాటు వాయిదాకు వెళ్ళకపోవడం. "బాకీ ఉన్న మాట నిజమే కదా, వెళ్ళి ఏం చెబుతాం" అని ఇంట్లో కూర్చుంటారు. అప్పుడు ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ మాట వినకుండానే ఇచ్చే డిక్రీ, అవుతుంది, అందులో గడువు ఊసే ఉండకపోవచ్చు. అలా కూర్చున్న ఒకాయన ఇంటికి అమీనా వచ్చినరోజు నాకు ఫోను చేశారు. అప్పటికి గ్యాసు బండ, బీరువా వీధిలో ఉన్నాయి, ఆయన భార్య పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకుని ఎదురింటి అరుగు మీద నిలబడి ఉంది. ఎక్స్‌పార్టీ డిక్రీని పక్కన పెట్టమని 30 రోజుల్లో పిటిషను వేసుకునే వీలుంది, కానీ సామాను వీధిన పడ్డాక ఆ వీలు ఎంత ఉపయోగపడుతుందో మీరే ఊహించవచ్చు. ఆ మనిషే మొదటి వాయిదాకు వెళ్ళి "బాకీ నిజమే, ఇంత కట్టాను, ఫలానా తేదీకి ఖాళీ చేస్తాను" అని చెప్పి ఉంటే, ఓనరు సమ్మతితో రాజీ డిక్రీ తెచ్చుకోవచ్చు, సమ్మతించకపోయినా డిక్రీలోనే కొన్ని నెలల గడువు ఇవ్వమని జడ్జిని కోరవచ్చు. చదువుకునే పిల్లలు, పరీక్షల హాల్ టికెట్, ఆస్పత్రి కాగితాలు అప్పుడే పనికొస్తాయి. నోటితో చెబితే చాలదు, ప్రతులు జత చేయాలి.

అగ్రిమెంటు గడువు ఇంకా మిగిలి ఉండగా, అద్దె కట్టనందుకే దాన్ని రద్దు చేసి దావా వేసిన సందర్భాల్లో మరో దారి ఉంది. విచారణ సమయంలో బకాయి మొత్తం వడ్డీతో, దావా ఖర్చులతో సహా చెల్లిస్తే, రద్దు నుంచి కోర్టు ఉపశమనం ఇవ్వవచ్చని ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 114 చెబుతుంది. మీ అగ్రిమెంటు అయిపోయింది కనుక మీకిది పనికి రాదు, చదివే మిగతావారి కోసం రాశాను.

అప్పీలు పేరుతో ఏళ్ళ తరబడి లాగవచ్చని చెప్పేవారి మాట నమ్మవద్దు. అప్పీలులో స్టే కావాలంటే అదే ఇంటికి బయట మార్కెట్టులో వచ్చే అద్దె స్థాయిలో డబ్బు కట్టమని కోర్టు షరతు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2004లో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో స్పష్టం చేసింది. తొమ్మిది వేలే కట్టలేని కుటుంబానికి ఆ దారి కొత్త అప్పు తప్ప మరేమీ కాదు.

కోర్టు జోలికి పోకుండా ఓనరు తాళం వేస్తే ఏం చేయాలన్నది కూడా ఉంది. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి గుమ్మానికి కొత్త తాళం వేలాడుతున్న ఇళ్ళు మన రెండు ఊళ్ళలోనూ ఉంటాయి, మీరు కూడా ఊరెళితే ఇంట్లో ఒకరిని ఉంచండి. అలా జరిగితే తాళం పగలగొట్టకండి. ఫొటో తీసి, వెంటనే 112కు ఫోను చేసి, స్టేషనులో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. "ఇది సివిల్ తగాదా" అని పోలీసులు అనవచ్చు. ఎవరిది హక్కు అన్నది సివిల్ తగాదాయే, కానీ కాపురం ఉన్న ఇంట్లోకి చొరబడటం, బెదిరించడం భారతీయ న్యాయ సంహిత కింద నేరాలని మర్యాదగా గుర్తు చేయండి. చట్టప్రకారం కాకుండా వెళ్ళగొడితే, ఆరు నెలల లోపల నిర్దిష్ట ఉపశమన చట్టం 1963, సెక్షన్ 6 కింద తిరిగి స్వాధీనం కోసం దావా వేయవచ్చు, అందులో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పని లేదు. కరెంటు తీయించడం మరో పద్ధతి. కరెంటు కనీస సదుపాయమని, ఓనరు అనుమతి పత్రం ఇవ్వలేదన్న ఒక్క కారణంతో అద్దెకున్నవారికి నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయినా బిల్లు మాత్రం ఒక్క నెల కూడా ఆపకండి, ఆపితే ఆ సాకు మీరే ఇచ్చినవారవుతారు.

డబ్బు విషయంలో నా మాట కటువుగా ఉంటుంది. అద్దె బకాయి తీర్చడానికి రోజువారీ వడ్డీ అప్పు, ఫోనులో వచ్చే లోన్ యాప్ అప్పు తీసుకోవద్దు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్‌మనీ వ్యవహారం, అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించిన సంగతి, మీకు గుర్తుండే ఉంటుంది. ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది, ఆ అప్పు మాత్రం ఇల్లు మారినా వెంట వస్తుంది. ముందు మీ భర్తకు రావలసినవి అడగండి: ఆగిపోయిన జీతం, పీఎఫ్ ఉంటే అందులో తీసుకోగలిగిన మొత్తం, ఒకే యజమాని దగ్గర అయిదేళ్ళు నిండి ఉంటే గ్రాట్యుటీ. జీతం ఎగ్గొట్టారంటే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే సంఘం పొదుపులోంచి ఇచ్చే అప్పు వడ్డీ తక్కువ, పైగా మీకిప్పుడు వెంటనే కావలసింది 9,000 మాత్రమే.

సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇస్తే ఓనరును ఆపుతారా అని చాలామంది అడుగుతుంటారు. ప్రైవేటు ఇంటి అద్దె తగాదాలో కలెక్టరు గారు చేయగలిగేది దాదాపు లేదు. ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇల్లు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ మార్చి లెక్కలో దాన్ని చేర్చుకోకండి. వార్డు సచివాలయంతో పని ఇల్లు మారాక ఉంటుంది, రైస్ కార్డు, ఆధార్ చిరునామా మార్పించుకోవాలి. కాలువ గట్టు మీదో, ప్రభుత్వ స్థలంలోనో ఇల్లు ఉండి నోటీసు వచ్చినవారికి ఈ సమాధానం వర్తించదు. అది 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద నడిచే వేరే వ్యవహారం, అక్కడ సెక్షన్ 7 నోటీసుకు ఇచ్చే జవాబే కీలకం. అలాంటివారు విడిగా ప్రశ్న అడగండి.

న్యాయ సేవల కార్యాలయానికి వెళ్ళేటప్పుడు నోటీసు, అది వచ్చిన కవరు, పాత అగ్రిమెంటు, అడ్వాన్సు ఇచ్చినట్టు ఆధారం, అద్దె కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు రసీదులు, అమ్మాయి కాలేజీ గుర్తింపు కార్డు, మీ ఆధార్ రెండేసి ప్రతులు తీసుకెళ్ళండి. అడ్వాన్సుకు రసీదు లేకపోతే, ఓనరుకు వాట్సాప్‌లో "మా అడ్వాన్సు 27,000 మీ దగ్గర ఉంది కదండీ" అని ఈరోజే మర్యాదగా ఒక సందేశం పెట్టండి, ఆయన ఇచ్చే జవాబే ఆధారం అవుతుంది. మార్చి 31న తాళాలు ఇచ్చేటప్పుడు "ఇల్లు స్వాధీనం చేసుకున్నాను, బకాయి ఏమీ లేదు" అని సంతకంతో కాగితం తీసుకోండి, ఖాళీ గదులు, మీటరు రీడింగు ఫొటో తీసి ఉంచుకోండి.